ఏడవని పిల్ల

మార్చి 3

నాలుగో నెలట.

డాక్టరమ్మ చెప్పగానే నాకు నవ్వొచ్చింది. తిండి సరిగ్గా తినకపోవడం వల్ల నెలసరి రావడం లేదనుకుని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. అత్తయ్య బయట బల్ల మీద కూర్చుని ఉంది. నా మొహం చూసి, ఒక్క మాట అడగకుండానే కనిపెట్టేసింది. మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. లాండ్రీలో జీవితమంతా ఇస్త్రీ చేసిన చెయ్యి అది, అట్టలా గట్టిగా ఉంది. పెళ్ళై ఇన్నేళ్ళయినా ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం ఇదే మొదటిసారి.

మా ఆయన రేవులో క్రేను నడుపుతాడు. టన్నుల కొద్దీ ఇనుము ఎత్తి దింపుతాడు కానీ ఇంట్లో తాగిన గ్లాసు ఎత్తి సింకులో వెయ్యడు. ఇవాళ విషయం విన్నాక గ్లాసు తనే కడిగాడు. అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మానేశాను. మిగిలిన పొట్లం బీరువా వెనక్కి విసిరేశాను. ఆ బీరువా కదపడం ఎవరి తరమూ కాదు.

మార్చి 4

బీరువా జరిపాను. పొట్లం అక్కడుంటే ఎలుకలు తింటాయి. పారేయడానికే తీశాను.

మార్చి 9

పారేశాను. అయిపోయింది కూడా.

మొన్నా నిన్నా మంచం దిగలేదు. కళ్ళు తెరిస్తే గోడ, మూస్తే గోడ. వర్క్‌షాపు నుంచి ఓనరమ్మ ఫోను మీద ఫోను చేసిందట. అత్తయ్య ఎత్తి, "కడుపుతో ఉన్న పిల్ల నిద్రపోకపోతే ఏం చేస్తుందమ్మా, మీ విగ్గులెక్కడికీ పారిపోవులే" అని పెట్టేసిందట.

ఈ ఇంట్లో నా పని సులువు. నిద్రపోకుండా పనిచేస్తే కష్టజీవినంటారు. నిద్రపోతే కడుపుతో ఉన్నానంటారు. తినకపోతే వేవిళ్ళంటారు. విసుక్కుంటే, పాపం ఒంట్లో బాగోలేదంటారు. నేను అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాదు, అన్నీ వాళ్ళే చెప్పుకుంటారు. దీనికి సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.

మార్చి 12

పనిలోకి వెళ్ళాను. చేతులు నా మాట వినలేదు.

చెక్క తలకి సన్నని వల బిగించి, కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకా లాగి ముడి వెయ్యాలి. నుదుటి దగ్గర వరసలు నావి. అక్కడ ముడి కనిపించిందంటే అది విగ్గని దారినపోయే వాడైనా చెప్పేస్తాడు. నా ముడి ఓనరమ్మ భూతద్దం పెట్టి వెతికినా దొరకదు, ఆ మాట ఆవిడే పదిమందితో చెబుతుంది. ఇవాళ వేసినవి చూస్తే నాకే సిగ్గేసింది. అన్నీ ఆవలిస్తూ వేసిన ముళ్ళు. సాయంత్రం కూర్చుని అన్నీ విప్పేశాను.

పక్క బల్ల పొడుగుపిల్ల చూసి నవ్వింది. నాటకాల కంపెనీ వాళ్ళ ఆర్డరు నెత్తిన పడి అందరం చస్తున్నప్పుడు మొదట నాకు పొట్లం ఇచ్చింది ఆ పిల్లే. నిద్ర రానివ్వని ఆ మత్తు పలుకుల్ని బయట ఐస్ అంటారు. నేను పటిక అంటాను. పటిక వేస్తే బురద అడుక్కి దిగి నీరు తేటపడినట్టు, మొదటిసారి నా తల తేటపడింది. ఆ తర్వాత ఎప్పుడూ అంత తేటపడలేదు. అయినా ప్రతిసారీ అదే అనుకుంటాను.

"ఎంతమంది తీసుకోవడం లేదు, వాళ్ళకి పిల్లలు పుట్టడం లేదా?" అంది పొడుగుపిల్ల.

వద్దన్నాను. వద్దన్నానని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 13

కొంచెమే. గోరు చివరంత. బిడ్డకి కాదు కదా, చేతులకి.

ఏప్రిల్ 2

ఆసుపత్రి. బరువు పెరగాల్సింది తగ్గానట. బీపీ ఎక్కువుందట. నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతూ నా నోటివైపే చూసింది. కింది పన్ను ఒకటి కదులుతోంది. నాకు తెలుసు, నాలుకతో తోస్తూనే ఉంటాను. ఆవిడ లేచి, తలుపు వేసొచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమైనా తీసుకుంటున్నారా అమ్మా? మెలకువగా ఉండడానికో, పని సాగడానికో... ఏదైనా సరే, చెప్పండి."

"టీ" అన్నాను.

"మీ అత్తగారికి నేను చెప్పను. ఇంకెవరికీ చెప్పను. పుట్టాక పిల్లలో ఏం చూసుకోవాలో మాకు ముందే తెలిస్తే మంచిది. అందుకే అడుగుతున్నా."

"టీ ఎక్కువ తాగుతాను" అన్నాను.

ఆవిడ చీటీ మీద టీ అని రాసింది. అది చూసి ఒళ్ళు మండింది. ఇది టీ తాగే మొహమేనా అని ఒక్క మాట గట్టిగా అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. అడగలేదు. తప్పు ఆవిడదే.

ఏప్రిల్ 3

మానేశాను.

ఏప్రిల్ 11

మానేశాను. ఈసారి నిజంగా.

ఏప్రిల్ 19

కదిలింది.

వంటింట్లో నిలబడి ఉండగా లోపలి నుంచి ఒక్క తాపు. అత్తయ్య చెయ్యి లాగి పెట్టుకున్నాను. "అబ్బో, హడావిడి మనిషే" అంది. బిడ్డ కదులుతూనే ఉంది, ఆగడం లేదు. ఎంత హుషారో చూడమని అత్తయ్య మా ఆయన్ని కూడా పిలిచింది. ఆయన అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మరీ పెట్టాడు. ఇద్దరూ మురిసిపోతున్నారు.

నాకు మాత్రం భయమేసింది. పొద్దున్న తీసుకున్నాను. అది హుషారు కాదు.

మే 6

కొత్త ఆర్డరు. జబ్బు చేసి జుట్టంతా రాలిపోయిన బడిపిల్లకి విగ్గు. తల్లితో వచ్చింది. నేను టేపు పెట్టి కొలుస్తుంటే కదలకుండా కూర్చుంది. వెనక్కి దువ్వి జడ వేసుకోవచ్చా అని మాత్రం అడిగింది. వేసుకోవచ్చన్నాను. బడి తెరిచే రోజుకి ఇవ్వాలి.

"నుదురంతా నువ్వే చెయ్యాలి. ఇంకొకరి చెయ్యి పడకూడదు" అంది ఓనరమ్మ.

ఈ పని అయ్యేదాకా మాత్రమే. ఆ తర్వాత వాసన కూడా చూడను.

మే 23

నా జన్మలో ఇంత మంచి పని చెయ్యలేదు. పొడుగుపిల్ల రాత్రి వెళ్ళిపోయింది, పొద్దున్న మళ్ళీ వచ్చింది, నేను ఆ బల్ల దగ్గరే ఉన్నాను. వెలుతురు కోసం చెక్క తలని కిటికీ వైపు తిప్పుకున్నాను. ముడి పక్కన ముడి, ఒక్కటి కూడా కనిపించదు. ఓనరమ్మ చూసి ఏమంటుందో రేపు.

మే 24

ఓనరమ్మ దువ్వెన పెట్టి వెనక్కి దువ్వింది. జుట్టు లేచి నిలబడి మళ్ళీ ముందుకే పడింది. ఇంకోసారి దువ్వింది. మళ్ళీ మొహం మీదకే.

కొక్కెం ఏ వైపు లాగితే వెంట్రుక ఆ వైపే పడుకుంటుంది. మా పనిలో చేరిన మొదటివారం పిల్లలకి నేర్పే పాఠం ఇది. తల తిప్పి పెట్టుకున్నాను కదా, తిప్పిన సంగతి మర్చిపోయి నుదురంతా ఎదురు దిక్కున వేశాను. వేలకు వేల ముళ్ళు.

"ముడి ఒక్కటి కనబడ్డం లేదు" అంది ఓనరమ్మ. దువ్వెన బల్ల మీద పెట్టింది. తర్వాత నా పొట్టవైపు, నా మొహం వైపు చూసింది. "ఇంటికెళ్ళు. పురుడయ్యాక మాట్లాడుకుందాం."

ఆ తల నేను తిప్పలేదు. పొడుగుపిల్లే తిప్పింది. దానికి మొదటి నుంచీ నా చేతులంటే కుళ్ళు.

మే 25

పైన నేనే రాసుకున్నాను, వెలుతురు కోసం తిప్పుకున్నానని. చదివాను. పొడుగుపిల్లే తిప్పింది.

జూన్ 9

బడి తెరిచారు. మా వీధిలోంచి పిల్లలు వెళుతుంటే కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఆ పిల్ల తలకి గుడ్డ కట్టుకుని వెళ్ళి ఉంటుంది.

పొడుగుపిల్ల సందు చివరికి వచ్చి పొట్లం ఇచ్చి వెళ్ళింది. దాన్ని కుళ్ళుబోతని రాశాను కదా, ఇప్పుడు ఈ లోకంలో నన్ను చూడ్డానికి వచ్చేది అదొక్కతే.

జూన్ 18

కుట్టుమిషను విప్పి శుభ్రం చేశాను. మళ్ళీ బిగించడం రాలేదు. మరలన్నీ మంచం మీద వరసగా పెట్టి ఉన్నాయి. పుట్టబోయే పిల్ల కోసం ఇల్లు సర్దుకుంటోందని అత్తయ్య పక్కింటావిడతో చెబుతోంది.

జూన్ 27

రక్తం.

జూలై 2

ఆడపిల్ల.

మాయ ముందే విడిపోయిందన్నారు. ఆపరేషను ఆలస్యమైతే ఇద్దరం దక్కేవాళ్ళం కాదన్నారు. ఎందుకలా అయిందని మా ఆయన అడిగితే డాక్టరమ్మ బీపీ వల్ల కావచ్చంది. కూర్చోబెట్టి చాకిరీ చేయించిందని అత్తయ్య ఓనరమ్మని తిట్టిపోసింది. నేను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

పిల్ల గాజుపెట్టెలో ఉంది. ముక్కులోంచి సన్నటి గొట్టం. నెలలు నిండని పిల్లలు చిన్నగానే ఉంటారు, మా పిల్ల ఆ నెలలకి కూడా చిన్నదట. చేతులు వణుకుతాయి. ఏమీ లేకుండానే ఉలిక్కిపడి, రెండు చేతులూ చాపి, మళ్ళీ ముడుచుకుంటుంది. గాజు మీద వేలు పెట్టాను. నా వేలు కూడా వణుకుతోంది.

మానేశాను. ఇక్కడ దొరకదు కూడా.

జూలై 21

ఇంటికి తెచ్చాం. బయల్దేరేముందు నర్సమ్మ నేర్పింది. అరికాలి మీద వేలితో చిన్నగా కొట్టి లేపాలి, బుగ్గ తట్టాలి, గుడ్డ విప్పాలి. "ఏడ్చినప్పుడు కాదు, గడియారం చూసి పాలివ్వండి. ఈ పిల్ల తనంతట తను లేవడం లేదు" అంది. ఆవిడ ఇంకేదో అడగబోయింది. అత్తయ్య ఆటో వచ్చిందని పిలిచింది.

జూలై 25

పిల్ల ఏడవదు.

పక్కింటావిడ, ఎదురింటావిడ, వచ్చినవాళ్ళందరూ అదే మాట. మా వాడు ఇల్లు పీకి పందిరేసేవాడు, నీకు అదృష్టం పట్టిందమ్మా అంటారు. అత్తయ్యకి గర్వం. "బంగారుతల్లి, ఏడుపంటే ఏంటో తెలీదు" అని అందరికీ చెప్పుకుంటోంది. నిద్రపోయే పిల్లని లేపకూడదంటుంది. నేను అరికాలి మీద కొడుతుంటే, రాక్షసివా నువ్వు అని నా చెయ్యి తోసేసింది.

లేపినా నాలుగు గుక్కలు చప్పరించి మళ్ళీ తల వాల్చేస్తుంది. నాకూ అలాగే ఉంది. పిల్ల పక్కన పడుకుంటే ఇద్దరం ఎప్పటికి లేస్తామో తెలియదు. నిన్న లేచేసరికి ఎండ గది ఆ చివరకి పోయింది. ఎన్నిసార్లు పాలివ్వాల్సింది తప్పిందో లెక్క వేయలేదు. వేస్తే భయమేస్తుంది.

జూలై 28

నేను మెలకువగా ఉంటేనే పిల్లకి పాలు. నేను మెలకువగా ఉండాలి.

జూలై 29

పిల్ల కోసమే. ఒక్క చిటికెడు.

గడియారం చూసి లేపాను, ఇచ్చాను. అన్నిసార్లూ. ఒక్కటీ తప్పలేదు. ఇల్లు తుడిచాను, గుడ్డలన్నీ ఉతికాను. అత్తయ్య నన్ను చూసి, ఇప్పుడు మనిషివయ్యావు అంది. పిల్ల రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకుంది. రేపు బాగా తాగుతుంది.

ఆగస్టు 3

పాలల్లోకి వెళుతుందా? వెళ్ళదు. కొంచెమే కదా.

ఆగస్టు 5

ఎవరినైనా అడగాలి. ఎవర్ని అడిగినా, ఎందుకడుగుతున్నావంటారు.

ఆగస్టు 8

అన్నీ రాస్తాను. వరసగా రాస్తాను.

పిల్లకి తూకం చూసే రోజు. అదే నర్సమ్మ. తక్కెట్లో పడుకోబెట్టి చూసింది. ఒంటి మీద గుడ్డ కూడా తీసేసి మళ్ళీ పెట్టి చూసింది. ఇంటికి తెచ్చిన రోజుకన్నా తగ్గింది. పిల్ల తొడల మీద చర్మం వదులుగా ముడతలు పడి ఉంది. రోజూ నీళ్ళు పోసేది నేనే, నాకు కనిపించలేదు. కనిపించలేదని రాయడం కూడా అబద్ధమే.

అత్తయ్య అప్పటికీ గర్వంగానే చెబుతోంది, ఈ పిల్లకి ఏడుపే తెలీదమ్మా అని.

"ఆకలేస్తే పిల్లలు ఏడవాలి పెద్దమ్మా" అంది నర్సమ్మ. "ఈ పిల్లకి ఏడ్చే ఓపిక లేదు."

నర్సమ్మ నావైపు తిరిగింది. ఏమీ అడగలేదు. పిల్లని గుడ్డలో చుడుతూ ఊరికే చూసింది.

"టీ కాదండి" అన్నాను.

"ఏం టీ?" అంది అత్తయ్య.

నర్సమ్మకి అర్థమైంది. తలుపు వేసొచ్చి కూర్చుంది. అత్తయ్యని బయటకి పంపమంటారా అని మెల్లగా అడిగింది. ఉండనివ్వమన్నాను. ఆవిడ ఎదుట చెప్పకపోతే మళ్ళీ ఏదో ఒకటి ఆవిడే చెప్పుకుంటుంది, నేను మళ్ళీ తప్పించుకుంటాను. మొదటి నుంచీ చెప్పాను. వర్క్‌షాపు, పొడుగుపిల్ల, బీరువా, బడిపిల్ల విగ్గు, ఆపరేషను ముందు రోజు. నిన్న కూడా అని చెప్పాను. పాలివ్వడానికి మెలకువ కోసమని చెబుతున్నప్పుడు నా మాట నాకే వినిపించి, ఆగిపోయాను.

ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఇలా పుట్టిన పిల్లలందరూ ఒకేలా ఉండరంది నర్సమ్మ. కొందరు మిగతా పిల్లల్ని అందుకుంటారు, కొందరికి నడకా చదువూ ఆలస్యమవుతాయి, ఇప్పుడే ఎవరూ చెప్పలేరు, చూస్తూ ఉండాలంది. పిల్లని అప్పటికప్పుడే చేర్చుకున్నారు. నా పాలు పట్టొద్దంది. "పాలు ఇంకిపోకుండా పిండి పారబొయ్యండి. ఒంట్లోంచి అంతా పోయి, మీరు నిలబడ్డాక డాక్టరమ్మ ఏమంటారో చూద్దాం."

బయటకొచ్చాక అత్తయ్య నాకన్నా ముందు మెట్లు దిగింది. నేను వెనకాల గోడ పట్టుకుని దిగాను.

ఆగస్టు 10

మా ఆయనకి అత్తయ్యే చెప్పింది. ఆయన కేకలు వేస్తాడనుకున్నాను. వంటింట్లో నిలబడి, సింకులో ఉన్న రెండు గ్లాసులూ కడిగాడు, కడిగినవే మళ్ళీ కడిగాడు.

"బీరువా జరిపిన గీత నేల మీద ఉంది. అప్పుడే చూశాను" అన్నాడు. "అడుగుదామనుకున్నాను. అడిగితే నువ్వేం చెబుతావోనని అడగలేదు."

ఆయనంటే జాలేసింది, అంతలోనే కోపమొచ్చింది, అడగాల్సిందని.

ఆగస్టు 12

డీఅడిక్షన్ సెంటరు. ఆయనే దింపి వెళ్ళాడు. పిల్ల ఆసుపత్రి నుంచి రాగానే అత్తయ్య దగ్గరే ఉంటుంది. నేను బయటకి వచ్చాక నా చేతికిస్తారో లేదో ఆవిడ చెప్పలేదు. అడిగే మొహం నాకు లేదు.

ఆగస్టు 16

నిద్ర. నిద్ర. మధ్యలో లేపి తిండి పెట్టారు. గడియారం చూసి లేపుతున్నారు నన్ను కూడా.

ఆగస్టు 21

ఇవాళ తీసుకోలేదు. మానేశానని ఇక్కడ ఇక రాయను. ఆ మాట ఈ పుస్తకంలో చాలాచోట్ల ఉంది.

ఆగస్టు 22

ఇవాళ తీసుకోలేదు. తీసుకోవాలనిపించింది. పొద్దుటి నుంచి అదే ధ్యాస. దుప్పటి అంచు పోగులు లాగి ముళ్ళు వేస్తూ కూర్చున్నాను. అన్నీ ఒకే దిక్కుకి పడుకునేలా వేశాను.

ఆగస్టు 24

ఇవాళ తీసుకోలేదు. ఉదయం, సాయంత్రం పాలు పిండుతున్నాను. తగ్గిపోతున్నాయి. ఇంటి నుంచి ఫోను లేదు.

ఆగస్టు 28

పగలు ఫోను వచ్చింది. ఇంటి నంబరు.

అవతల అత్తయ్య ఏమీ మాట్లాడటం లేదు. ఏదో చప్పుడు మాత్రం, గరగరమని. ఫోను పాడైందనుకున్నాను. అంతలో అది పెరిగింది. సన్నగా మొదలై, విరిగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ గట్టిగా. ఆగడం లేదు.

"వింటున్నావా?" అంది అత్తయ్య. "పాలు కలిపేలోపు ఆగడం లేదు. ఇందాకట్నుంచీ ఇదే గోల. పక్కింటావిడ ఏమైందని పరిగెత్తుకొచ్చింది."

"ఆకలేసిందా?" అన్నాను.

"ఆకలే. తనంతట తనే లేచింది."

పాలసీసా మూత బిగిస్తున్న చప్పుడు వినిపించింది. సీసా నోట్లో పెట్టే క్షణం దాకా ఏడ్చింది నా కూతురు. ఆ తర్వాత గుటకలు. ఆవిడ ఫోను పిల్ల నోటి దగ్గరే పెట్టి ఉంచింది.

నాకు పాలు చేపుకొచ్చాయి. ఇన్నాళ్ళూ పిండితే గానీ రానివి వాటంతటవే వచ్చి, వేసుకున్న బట్టంతా తడిపేశాయి. ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను. అవతల గుటకలు ఆగాక, బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఆ పాలన్నీ సింకులోకి పిండి పారబోశాను.

ఇవాళ తీసుకోలేదు.